సరిహద్దు ఊళ్లో సొంత కుట్టు షాపు: గంట లెక్క నుంచి గుమాస్తా దాకా

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దు దగ్గరున్న ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు, కిన్వట్, సిరోంచ వంటి ఊళ్లల్లో తెలుగిళ్ల ఆడవాళ్లకు కుట్టుపని కొత్త కాదు. ఇంట్లో మిషన్ ఉంటుంది, చుట్టుపక్కల వాళ్లవి నాలుగు జాకెట్లు కుట్టిచ్చే అలవాటూ ఉంటుంది. అక్కణ్నుంచి బజార్లో గది కిరాయికి తీసుకుని బోర్డు పెట్టేసరికి లెక్కంతా మారిపోతుంది. పని బాగా వచ్చినవాళ్ల షాపులు కూడా మూతపడుతుంటాయి. రోజంతా మిషన్ మీదే ఉన్నా నెలాఖరుకు పైసలు ఎటు పోయాయో తెలియకపోవడమే చాలాసార్లు కారణం. డిజైన్లు, కటింగ్ నేర్పేవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ పని ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లు షాపు ఎలా నిలబెట్టుకోవాలో వరుసగా చూద్దాం.

మొదట మీ గంట ఖరీదు తేల్చుకోండి

గది చూడకముందే, మిషన్ కొనకముందే ఈ పని చెయ్యాలి. పక్క షాపులో లైనింగ్ జాకెట్‌కు ఎంత తీసుకుంటున్నారో కనుక్కుని, ఇరవై రూపాయలు తగ్గించి మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. పక్క షాపు ఆవిడకు గది సొంతం కావచ్చు, ఆమె భర్తకు జీతం రావచ్చు. ఆ ధర ఆమెకు గిట్టినా మీకు గిట్టాలనేం లేదు.

నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున షాపులో ఉంటే 208 గంటలు. అందులో మిషన్ మీద నిజంగా పని నడిచేది 130 గంటలు అనుకోండి, అంటే రోజుకు ఐదు. కొలతలు తీయడం, "మెడ ఇంకొంచెం కిందికి పెట్టక్కా" అనే మాటలు, రంగు కుదిరే ఫాల్ కోసం బజారుకు పోవడం, కరెంటు కోతలు, పైసలు రాని ఆల్టరేషన్లు మిగతా టైమును తినేస్తాయి. నమ్మబుద్ధి కాకపోతే ఓ వారం మిషన్ పక్కన కాగితం పెట్టుకుని కూర్చున్న టైము, లేచిన టైము రాయండి. ఐదు గంటలు కూడా రావడం లేదని చాలామందికి అప్పుడే తెలుస్తుంది.

ఇప్పుడు ఖర్చులు. ఇవి మచ్చుకు వేసిన అంకెలు, మీ ఊరి అంకెలు మీరు పెట్టుకోండి: కిరాయి 3,000, కరెంటు 700, సూదులు, నూనె, రిపేరు 500, ఫోను 300. మిషన్ల మీద 36,000 పెట్టారనుకుని ఐదేళ్లకు పంచితే నెలకు 600. మొత్తం 5,100. దీనికి మీ జీతం కలపాలి. "నాకు జీతమేంది, మిగిలిందే నాది" అనుకుంటే లెక్క అక్కడే చెడుతుంది. వేరేవాళ్ల షాపులో కూర్చుంటే ఎంత ఇస్తారో కనీసం అంత రాయండి. 15,000 అనుకుందాం. 20,100ను 130తో భాగిస్తే గంటకు దాదాపు 155 రూపాయలు.

ఒక లైనింగ్ జాకెట్‌కు కటింగ్, కుట్టు, హెమ్మింగ్, హుక్స్ అన్నీ కలిపి రెండుంపావు గంటలు పడితే కూలి 349. లైనింగు, దారం, హుక్స్ 80. అంటే 430 దగ్గర పడుతోంది. ఊళ్లో రేటు 350 ఉంటే ఒక్కో జాకెట్ మీద 80 రూపాయలు మీ జీతంలోంచి పోతున్నాయి. గిరాకీ పెరిగేకొద్దీ నష్టమూ పెరుగుతుంది.

రేటు పెంచలేనప్పుడు గంటలు తగ్గించాలి. దానికి దారి ఒకే రకం పనిని ఒక్కసారే కలిపి చెయ్యడం. పొద్దున్నే రెండు మూడు జాకెట్లకు సరిపడా కటింగ్ ఒకేసారి ముగించండి. కుట్టేటప్పుడు తేదీని బట్టి, దారం రంగును బట్టి వరుస పెట్టుకోండి: ఎరుపు, మెరూన్ ఒక వరుస, ఆకుపచ్చలు ఒక వరుస. దారం మార్చి, బాబిన్ మార్చి, టెన్షన్ సరిచూసుకునే ప్రతిసారీ నాలుగైదు నిమిషాలు పోతాయి. హెమ్మింగ్, హుక్స్, కాజాలు ఇంటి దగ్గరుండే ఆడవాళ్లకు పీసు లెక్కన ఇవ్వండి. మీ చేతి నుంచి ఆ పని పోతే జాకెట్ గంటన్నరకు దిగుతుంది. అప్పుడు 232 కూలి, 80 సామాను, 30 చేతిపని కలిపి 342. ఊరి రేటులోనే ఇప్పుడు మీకు గిట్టుతుంది.

చీర అంచులు కుట్టే ఫాల్-పీకో పనిని ఇలా లెక్కేస్తే చాలా షాపులకు అసలు ఆదాయం అదేనని తేలుతుంది. టైము తక్కువ, తప్పు జరిగే అవకాశం తక్కువ, కొలతలతో పని లేదు. పేరు వచ్చేది డిజైనర్ జాకెట్‌తో, కిరాయి కట్టేది పీకోతో.

చేతిలో ఎంత ఉండాలి

మూడు నెలల షాపు ఖర్చు (పై లెక్కలో 15,300), గది అడ్వాన్సు, మూడు నెలల ఇంటి ఖర్చులో మీ వంతు. ఇంత లేనిదే ఉన్న పని వదులుకోకండి. ఇంట్లోంచే కుడుతూ గిరాకీ పెంచుకుని, ఐదు గంటల పని రోజూ నిండుతోందని ఓ రెండు నెలలు చూశాక గది తీసుకోవడం మేలు. ఆషాఢంలో తెరవకండి.

మిషన్లు: తక్కువ కొనండి, సరైనవి కొనండి

ఇంటి మిషన్‌కు మోటారు తగిలించి షాపు నడపొచ్చు గానీ రోజుకు ఐదు గంటలు పట్టుమని నడిపితే త్వరగా అరుగుతుంది. జూకీ రకం పవర్ మిషన్ ఒకటి, మూడు దారాల ఓవర్‌లాక్ (గుడ్డ అంచు పోగులు ఊడకుండా కుట్టేది) ఒకటి మొదటికి చాలు. పీకో మిషన్ రెండో విడతలో, ఆ పని బయటకు ఇచ్చే ఖర్చు దాని నెలవారీ ఖరీదును దాటినప్పుడు కొనండి.

పవర్ మిషన్ కొనేటప్పుడు మోటారు ఏ రకమో అడగండి. పాత క్లచ్ మోటారు స్విచ్చి వేసినంతసేపూ తిరుగుతూనే ఉంటుంది, మీరు కుట్టకపోయినా కరెంటు కాలుతుంది, చప్పుడు వేరే. సర్వో మోటారు పెడల్ తొక్కినప్పుడే తిరుగుతుంది, వేగం తగ్గించుకునే వీలుంటుంది. ఇన్వర్టర్ మీద నడపాలన్నా సర్వోయే నయం. సెకండ్ హ్యాండ్‌లో క్లచ్‌ది చవకగా వస్తే కొని, తర్వాత మోటారు ఒక్కటే మార్చుకోవచ్చు.

సూదుల్లో తికమక పడొద్దు. ఇంటి మిషన్‌కు హెచ్‌ఏ×1 (పైన ఒకవైపు చదునుగా ఉంటుంది), పవర్ మిషన్‌కు డీబీ×1 (గుండ్రంగా ఉంటుంది). పట్టుకు, జార్జెట్‌కు 9 లేదా 11 నంబరు, మామూలు కాటన్‌కు 14, జీన్స్‌కు 16. పట్టు మీద 14 నంబరు సూది దింపితే రంధ్రాలు పడతాయి, కుట్టు విప్పినా పోవు. కుట్టు తప్పుతోంటే మెకానిక్‌ను పిలిచే ముందు సూది మార్చండి, సరిగ్గా ఎక్కించారో లేదో చూడండి. సగం రోగాలు అక్కడే కుదురుతాయి.

లైనింగు దగ్గర పోయే పేరు

కొత్త షాపు మీద వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి: ఇచ్చిన రోజు జాకెట్ బాగుంటుంది, మొదటి ఉతుకులోనే ముడుచుకుపోతుంది. పై గుడ్డ పాలిస్టరో పట్టో, లోపల కాటన్. కాటన్ కుంచించుకుపోతుంది, పైది పోదు. చంక దగ్గర, నడుం పట్టీ దగ్గర ముడతలు లేస్తాయి. కుట్టు ఎంత బాగున్నా పేరు పోతుంది.

లైనింగు కట్ చేసే ముందు రాత్రంతా నీళ్లలో నానేసి, పిండకుండా నీడన ఆరేసి, ఇంకా కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చెయ్యండి. జాకెట్‌కు 80 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా పడుతుంది, నానేసే గుడ్డ ఆ మేరకు కాస్త ఎక్కువే కొనాలి. తాను కొని వారానికోసారి అన్ని రంగులూ వేర్వేరు బకెట్లలో నానేసుకుంటే రోజూ ఆ పని ఉండదు. ముదురు రంగులకు ఇంకో పరీక్ష: తడి గుడ్డను తెల్లటి పాత జాకెట్ ముక్క మీద గట్టిగా రుద్దండి. ముక్కకు రంగు అంటితే ఆ లైనింగు లేత పట్టు కింద వేయొద్దు. చెమటకు చంకలో రంగు దిగితే చీర కూడా పాడవుతుంది, అప్పుడు మాట పడాల్సింది మీరు.

గిరాకీవాళ్లు తమ లైనింగు తామే తెచ్చినా నానేసే కుడతామని చెప్పండి. "రేపే కావాలి, అట్లనే కుట్టు" అంటే స్లిప్పు మీద "నానబెట్టలేదు" అని రాసివ్వండి.

కొలతలు, స్లిప్పు, తేదీ

ఆది జాకెట్ ఇచ్చారు కదా అని టేపు పక్కన పెట్టొద్దు. అది ఎన్నేళ్ల కిందటిదో, ఇప్పుడు బిగువుగా ఉందో వదులుగా ఉందో అడగండి. నిడివి, భుజం, ఛాతీ, నడుము, చంక చుట్టు, చేతి పొడవు, చేతి చుట్టు, ముందు మెడ, వెనక మెడ, ఈ తొమ్మిదీ రాసుకోండి. పక్క కుట్లలో ఒక్కోవైపు అంగుళం నుంచి అంగుళంన్నర గుడ్డ వదలండి. వదిలితే ఆల్టరేషన్ పది నిమిషాల పని, వదలకపోతే కొత్త గుడ్డ కొనివ్వాల్సిన గొడవ.

ఒకే నంబరు మూడు చోట్ల ఉండాలి: మీ పుస్తకంలో, గిరాకీ స్లిప్పు మీద, గుడ్డకు పిన్ను చేసిన చీటీ మీద. పుస్తకంలో ఆ నంబరు పక్కనే గుడ్డ ముక్క ఒకటి స్టేపుల్ చెయ్యండి. సీజన్‌లో ఎర్ర పట్టు జాకెట్లు పది వచ్చినప్పుడు ఆ ముక్కే దిక్కు. స్లిప్పు తెలుగు, మరాఠీ రెండింట్లోనూ అచ్చు వేయించండి, మీ గిరాకీలో సగం మంది తెలుగు మాట్లాడతారేగానీ చదవడం మరాఠీయే.

తేదీ ఇచ్చేటప్పుడు నోటితో చెప్పొద్దు, డైరీ చూసి చెప్పండి. రోజుకొక పేజీ, పేజీకి ఐదు గంటలు. గంటన్నర జాకెట్లు మూడు పెడితే మిగిలిన అరగంట ఆల్టరేషన్లకు. పేజీ నిండితే తర్వాతి రోజే. అర్జంటు పనికి వారంలో ఒక పూట ఖాళీ పెట్టుకుని, దానికి సగం కూలి అదనంగా తీసుకోండి. అదనం అడిగేసరికి అర్జంటులో సగం మాయమవుతుంది.

బయానా, ఉద్దెర

మీ చేతి సామాను పడే ఏ పనికైనా సగం బయానా. లైనింగు, లేసు, డోరీ, లట్కన్లు మీ పైసలతో కొని, గిరాకీ మూడు నెలలకు వచ్చి తీసుకుంటే మీరు వడ్డీలేని అప్పు ఇచ్చినట్టే. రెండు నెలలు దాటినా తీసుకోని బట్టలకు షాపు బాధ్యత లేదని స్లిప్పు మీద రాయండి. అయినా పారేయకండి, ఫోను చేసి చెప్పిన తేదీ పుస్తకంలో రాసుకోండి.

ఈ పక్క ఉద్దెర అంతా పంట మీద నడుస్తుంది. "సోయా అమ్మినంక ఇస్తా", "పత్తి పైసలొచ్చినంక ఇస్తా" అనే మాట అబద్ధం కాదు, కానీ మీ కిరాయి నెలనెలా కట్టాలి. పూర్తిగా వద్దంటే ఊళ్లో నడవదు కాబట్టి హద్దు పెట్టుకోండి: మొత్తం ఉద్దెర మీ నెల ఖర్చులో సగం దాటొద్దు, అంటే పై లెక్కలో 2,500 దగ్గర. దాటితే పాతది వచ్చేదాకా కొత్తది లేదు. ఉద్దెర పుస్తకం గిరాకీకి కనబడేచోట పెట్టి, ఇచ్చిన ప్రతిసారీ వాళ్ల ముందే కొట్టేయండి.

చుట్టాల సంగతి వేరే. వాళ్ల దగ్గర కూలి తీసుకోకపోయినా సామాను ఖర్చు తీసుకోండి. ఉచితంగా కుట్టినవి కూడా పుస్తకంలో గంటలతో సహా రాయండి. ఏడాది చివర కూడితే మీ వదినకే సంగతి అర్థమవుతుంది.

కాగితాలు: ఏది ముందు, ఏది తర్వాత

వరుస తప్పితే నష్టం జరిగేది ఇక్కడే. ముందు ఆధార్ చిరునామా చూసుకోండి. నిజామాబాద్ నుంచో ఆదిలాబాద్ నుంచో కోడలిగా వచ్చినవాళ్లకు ఆధార్ ఇప్పటికీ పుట్టింటి చిరునామాతోనే ఉంటుంది. ఇక్కడి పంచాయతీ, ఇక్కడి బ్యాంకు ధ్రువీకరించాల్సిన ఏ పథకమూ దానితో ముందుకు కదలదు. మార్చుకున్నాకే మిగతావి.

రెండోది, జనం గుమాస్తా అని పిలిచే షాపు నమోదు. మహారాష్ట్ర షాపుల చట్టం 2017 ప్రకారం ఒకరిద్దరు పనివాళ్లతో నడిచే చిన్న షాపుకు పూర్తి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో సమాచారం ఇస్తే రసీదు వస్తుంది. కరెంట్ ఖాతాకు, లోనుకు బ్యాంకులు అడిగేది ఆ రసీదే. దీనితోపాటు బోర్డు సంగతి. 2022లో చట్టం సవరించాక చిన్న షాపులకు కూడా బోర్డు మీద పేరు దేవనాగరి లిపిలో మరాఠీలో ఉండాలి. తెలుగు పెట్టుకోవచ్చు, కానీ మరాఠీ అక్షరాల కంటే పెద్దవిగా ఉండకూడదు. బోర్డు రాయించాక తెలుసుకుంటే రెండుసార్లు ఖర్చు.

మూడోది ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే కేంద్రం దగ్గర చిన్న వ్యాపారాల నమోదు. ఆధార్, పాన్ ఉంటే చాలు, పూర్తిగా ఉచితం. ప్రభుత్వ సైటులా కనిపించే పేజీలు వెయ్యి, రెండు వేలు అడుగుతాయి. డబ్బు అడిగిందంటే అది అసలు సైటు కాదు. పని రకం అడిగినచోట కొలతలు తీసుకుని కుట్టే టైలరింగ్‌కు ఎన్‌ఐసీ కోడ్ 14105.

ఆ తర్వాత లోను. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ ఒకటి. కామన్ సర్వీస్ సెంటర్లో వేలిముద్రతో నమోదు చేస్తారు, పంచాయతీ లేదా మునిసిపాలిటీ దగ్గర మొదటి పరిశీలన జరుగుతుంది. శిక్షణ రోజులకు రోజుకు 500, పనిముట్లకు 15,000 విలువైన ఈ-వోచరు ఇస్తారు. లోను మొదటి విడత లక్ష, 18 నెలల్లో తీర్చాలి. రెండో విడత రెండు లక్షలు, 30 నెలలు. వడ్డీ 5 శాతం, పూచీకత్తు ఉండదు. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే రాదు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. త్వరగా వస్తుందని ముందు ముద్ర లోను (శిశు కింద 50,000 దాకా) తీసుకుంటారు. అది తీరేదాకా విశ్వకర్మకు అర్హత ఉండదు. కాబట్టి ముందు విశ్వకర్మకు దరఖాస్తు పెట్టి, రాలేదని తేలాకే ముద్ర వైపు చూడండి. ఏ లోను తీసుకున్నా వాయిదా మొత్తాన్ని నెల ఖర్చులో కలిపి గంట ఖరీదు మళ్లీ లెక్కెయ్యాలి.

కరెంటు మీటరు చివరిది. ఇంటి మీటరు మీద షాపు నడిపితే విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద రెట్టింపు టారిఫ్‌తో లెక్కగడతారు. ఎప్పట్నుంచి వాడుతున్నారో తేలకపోతే ఏడాది మొత్తానికి వేస్తారు. గది తీసుకునే ముందు యజమాని మీటరు ఏ కేటగిరీదో బిల్లు అడిగి చూడండి. ఇంట్లోనే గిరాకీ పెట్టుకున్నవాళ్లు మహావితరణ (మహారాష్ట్ర కరెంటు కంపెనీ) ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోవడం మంచిది.

సరిహద్దు దాటే గుడ్డ: జీఎస్టీ ఎక్కడ అంటుకుంటుంది

ధర్మాబాద్ షాపుకు బాసర నుంచి, దెగ్లూరు షాపుకు మద్నూర్ నుంచి గిరాకీ రావడం మామూలే. ఇక్కడ రెండు పనుల మధ్య తేడా పట్టుకోవాలి.

గిరాకీ తన గుడ్డ తెచ్చి మీతో కుట్టిస్తే మీరు అమ్మింది సేవ. సేవలకు ఏడాదికి 20 లక్షల రాబడి దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. గిరాకీ పక్క రాష్ట్రం వాళ్లైనా అంతే.

మీరే గుడ్డ కొని, కుర్తీలో లంగా-ఓణీలో రెడీగా కుట్టి అమ్మితే అది సరుకు. మహారాష్ట్రలో సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు హద్దు 40 లక్షలు. కుట్టుకూలి కూడా ఉంటే ఆ 40 వర్తించదు, రెండూ కలిపి 20 లక్షలే. అసలు మెలిక ఏంటంటే, సరుకును మరో రాష్ట్రానికి అమ్మితే ఏ హద్దూ పనిచేయదు, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వాట్సాప్‌లో ఆర్డరు తీసుకుని ఆర్టీసీ కార్గోలో నిజామాబాద్‌కు నాలుగు కుర్తీలు పంపినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే. తీసుకోవాల్సి ఉండీ తీసుకోకపోతే జరిమానా 10,000 లేదా ఎగ్గొట్టిన పన్ను, ఏది ఎక్కువైతే అది.

తెలంగాణ గిరాకీ మీ కౌంటరు దగ్గరికే వచ్చి కొంటే? 2023 అక్టోబరు 1 నుంచి రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారు చిరునామా బిల్లు మీద ఉంటే ఆ చిరునామా ఉన్న రాష్ట్రాన్నే అమ్మకపు స్థలంగా చూస్తారు. రాష్ట్రం పేరు ఒక్కటి రాసినా అంతే. చిరునామా లేకపోతే మీ షాపు ఉన్నచోటే. కౌంటరు మీద చేతికిచ్చే చిల్లర అమ్మకానికి పేరు, ఫోను నంబరు చాలు.

జీఎస్టీలో అమ్మకాల మీద ఒక శాతం కట్టే కాంపొజిషన్ స్కీము చిన్నవాళ్లకు తేలికే, కానీ అందులో ఉంటే వేరే రాష్ట్రానికి సరుకు అమ్మడానికి వీల్లేదు. హైదరాబాద్ నుంచో నిజామాబాద్ నుంచో గుడ్డ కొనుక్కురావడానికి మాత్రం అడ్డేం లేదు, రిజిస్ట్రేషన్ లేకపోయినా కొనొచ్చు. పక్కా బిల్లు తీసుకోండి. ఒక్క బిల్లు 50,000 దాటి సరుకు రాష్ట్రం దాటుతోంటే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఉండాలి, అమ్మినవాళ్లను తీసివ్వమనండి.

అందుకే మొదటి రెండేళ్లు కుట్టుకూలి మీదే నిలబడి, రెడీమేడ్ అమ్మకాన్ని ఊరికే పరిమితం చేసుకోవడం తేలిక. సరిహద్దు అవతలి ఆర్డర్లు నెలకు రిటర్నులు వేయించే ఖర్చుకు మూడు నాలుగింతల లాభం తెచ్చే దాకా ఆ జోలికి పోనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తీసుకున్నాక మాత్రం అమ్మకం లేని నెలకు కూడా రిటర్ను వెయ్యాలి. జీఎస్టీతోపాటు మహారాష్ట్ర వృత్తి పన్ను ఏడాదికి 2,500 వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

యూపీఐకి వేరే ఖాతా తెరవండి. షాపు క్యూఆర్ కోడ్‌లోకే చిట్టీ డబ్బులు, తమ్ముడు పంపిన పైసలు, బంగారం లోను అన్నీ పడుతుంటే అదంతా మీ రాబడిగా కనబడుతుంది. 2025 జులైలో కర్ణాటకలో వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు చూసి చిన్న దుకాణదారులకు నోటీసులిచ్చింది. సంజాయిషీ చెప్పుకోగలిగేది ఖాతాలు వేరుగా ఉన్నవాళ్లే. ఆదాయపు పన్ను కట్టాల్సిన పని లేకపోయినా ఐటీఆర్-4 (చిన్న వ్యాపారుల ఆదాయపు పన్ను రిటర్ను) వేస్తూ ఉండండి, పెద్ద లోను అడిగిన రోజు బ్యాంకు పాత రిటర్నులు అడుగుతుంది.

ఏడాది ఎలా నడుస్తుంది

ఈ ఊళ్లకు ఒక లాభం ఉంది, రెండు భాషల పండగలూ వస్తాయి. తెలుగువాళ్లు బతుకమ్మ, దసరాలకు కుట్టిస్తారు. మరాఠీవాళ్లు ఎక్కువగా దీపావళికి. పెత్రమాస నుంచి దీపావళి దాకా నెల రోజులు ఊపిరాడదు. ఆ తర్వాత తులసి పెళ్లి అయ్యాక ముహూర్తాలు మొదలవుతాయి. జూన్‌లో స్కూలు యూనిఫాంలు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం. ఆషాఢం, పుష్యం, మూఢాల్లో ఖాళీ.

కాబట్టి దీపావళి నెలలో వచ్చిన దాంట్లో కనీసం నాలుగో వంతు తీసి పక్కన పెట్టండి, ఖాళీ నెలల కిరాయి అది. మిషన్ సర్వీసు, లైనింగు తానుల కొనుగోలు, పాత ఉద్దెర వసూళ్లు ఖాళీ నెలల్లో. బతుకమ్మకు మూడు వారాల ముందే "ఇక ఆర్డర్లు తీసుకోం" అనే తేదీ బోర్డు మీద రాయండి. మొహమాటానికి తీసుకున్న చివరి పది జాకెట్లే కుట్టు చెడి తిరిగొచ్చేవి.

పీసు పనికి వచ్చే ఆడవాళ్లకు శనివారం శనివారం లెక్క తేల్చండి. సీజన్‌లో వాళ్లను పక్క షాపు లాక్కుంటుంది. పీసుకు రెండు రూపాయలు ఎక్కువ ఇవ్వడం కంటే చెప్పిన రోజు చేతిలో పెట్టడం వాళ్లను ఎక్కువగా నిలబెడుతుంది. మీ కటింగ్ వివరాలు, గిరాకీ ఫోను నంబర్లు ఉన్న పుస్తకం మాత్రం మీ సంచీలోనే ఉండాలి.

బట్టలు కాలితే, మీరు పడుకుంటే

షాపులో ఉన్న సరుకులో ఎక్కువభాగం మీది కాదు. పెళ్లిళ్ల నెలలో బీరువాలో లక్షల విలువైన పట్టు ఉంటుంది. షార్ట్ సర్క్యూట్ అయితే మామూలు అగ్నిప్రమాద పాలసీ మీ సొంత సామానుకే ఇస్తుంది. ఇతరులవి కూడా చేరాలంటే గూడ్స్ హెల్డ్ ఇన్ ట్రస్ట్ అనే మాట పాలసీలో ఉండాలి. ఏజెంటును ఆ లైను చూపించమనండి. రాత్రి ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి, మెయిన్ ఆఫ్ చేసి వెళ్లడం అన్నిటికంటే చవకైన బీమా. ఇస్త్రీలో గుడ్డ కాలితే ఎంతవరకు కట్టిస్తారో స్లిప్పు మీదే రాయండి.

సొంత పనిలో జబ్బు సెలవుకు జీతం రాదు. నడుం నొప్పి, మెడ నొప్పి ఈ వృత్తిలో అందరికీ వచ్చేవే. స్టూలు తీసేసి వీపు ఆనేలా ఉన్న కుర్చీ పెట్టుకోండి, మిషన్ బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి, సూది దగ్గరికి వేరే ఎల్‌ఈడీ దీపం పెట్టండి. గంటకోసారి లేచి నిలబడే పని, కటింగో ఇస్త్రీయో, మధ్యలో పెట్టుకుంటే నడుంతోపాటు రోజు కూడా తేలిగ్గా నడుస్తుంది. ఆస్పత్రి ఖర్చుకు మహారాష్ట్ర ప్రభుత్వ మహాత్మా జోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన ఉంది గానీ ఇక్కడివాళ్లు వైద్యానికి పరుగెత్తేది నిజామాబాద్‌కు. ఆ ఆస్పత్రి పథకంలో ఉందో లేదో చేరకముందే అడగండి.

బ్యాంకులో రెండు చిన్న పాలసీలు తీసుకోండి: ప్రమాద బీమా పీఎం సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, జీవిత బీమా పీఎం జీవన్ జ్యోతి 436 రూపాయలు, చెరో రెండు లక్షలకు. జీవన్ జ్యోతిలో చేరే వయసు 18 నుంచి 50 దాకా. రెండూ జూన్ ఒకటి నుంచి ఏడాది లెక్కన నడుస్తాయి, డబ్బు మే ఆఖరి వారంలో ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది. యూనిఫాం గుడ్డ కొనడానికి ఖాతా ఖాళీ చేసే వారం కూడా అదే. 456 రూపాయలు మిగలకపోతే బీమా ఆగిపోతుంది.